మన మందు కల్వాలు: రాయి ఉండాలె, విద్య ఉండాలె

(ఆదివాసీ దినోత్సవ యువజన సభలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



1982 ఆగస్టు 9న ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల సమస్యల మీద ఏర్పడిన కార్యవర్గం మొదటిసారి సమావేశమైంది. దాని గుర్తుగా ఆ తేదీని ఆదివాసీ దినోత్సవంగా జరపాలని 1994లో నిర్ణయించారు. ఈ రోజున మనం జెండా ఎత్తుతాం, కొమ్ములు కట్టి డోలు కొట్టి రేలా ఆడతాం, భూమి గురించీ అడవి గురించీ మాట్లాడతాం. ఈసారి ఒక రాయి గురించి మాట్లాడమని పెద్దలు మాకు చెప్పారు. మందు నూరే రాయి గురించి. మొదట మాకే నవ్వొచ్చింది. కానీ ఆ మాట వెనక మేం చేసిన ఒక తప్పు ఉంది. దాన్ని మీ ముందు ఒప్పుకుని మొదలుపెడతాం.

మా గూడేల్లో ఒకచోట మందు ఇచ్చే తాత ఒకాయన ఉన్నాడు. ఆయన ఇంటి ముందు చింతచెట్టు కింద ఒక నల్లటి కల్వం ఉండేది. పడవలాగా పొడుగ్గా, లోపల అద్దంలాగా నున్నగా. దాని పొత్రం కూడా అదే నల్లరాయిది. తాతకు వాళ్ళ తాత చేతి నుంచి వచ్చింది. అంతకు ముందు సంగతి ఆయనకూ తెలియదు. రెండు వేసవుల కింద ట్రాలీ ఆటోలో ఒక వ్యాపారి వచ్చాడు. పాత ఇత్తడి, పాత దూలాలు, పాత రాళ్ళు కొంటానన్నాడు. "మిక్సీలొచ్చినయ్ గదా, ఈ పాత రాయి మీకెందుకు?" అన్నాడు. తాత అడవికి పోయి ఉన్నాడు. ఇంట్లో ఉన్నది మాలో ఒకడు, డిగ్రీ చదివేవాడు. పరీక్ష ఫీజు కట్టే రోజులు. పదిహేను వందలకు ఇచ్చేశాడు.

సాయంత్రం తాత మూట దించుకుని చింతచెట్టు కిందికి చూశాడు. తిట్టలేదు. "పొత్రం గూడ తీస్కపోయిండా?" అని ఒక్కటే అడిగాడు. పొత్రం గోడ వారన ఉండడంతో వ్యాపారి చూసుకోలేదు. "లేదు తాతా, ఈడనే ఉంది" అన్నాం. "అట్లయితే అది ఇగ ఆయనకూ పనికిరాదు, మనకూ పనికిరాదు" అన్నాడు తాత.

తర్వాత మేం సిమెంటు రోలు కొనిచ్చాం. దాంట్లో నూరితే మందులోకి ఇసుక వస్తోందని తాత పక్కన పెట్టాడు. మెల్లగా నూరడమే తగ్గించాడు. అట్లా ఒక రాయితోపాటు ఒక విద్య కూడా మా కళ్ళముందే ఆగిపోతూ ఉంది. అందుకే ఈ మాటలు.

ముందుగా రాళ్ళను పేర్లతో గుర్తుపడదాం. అన్నిటినీ "రోలు" అనేస్తున్నాం, అది సరిపోదు. లోతైన గుంతలో రోకలితో దంచేది రోలు. పప్పు, పిండి రుబ్బేది రుబ్బురోలు. బల్లపరుపుగా ఉండి పచ్చడి నూరేది సన్నికల్లు. ధాన్యం విసిరేది ఇసుర్రాయి. మందుల కోసం, ముందుకూ వెనక్కూ నూరడానికి వీలుగా చేసింది కల్వం. ఇవి కాక పరుపుబండ మీదనే తొలిచిన గుంతలు ఉంటాయి. బండ మీద కనిపించే ప్రతి గుంతా మందు రోలు కాదని కూడా తెలుసుకోండి. కొత్త రాతియుగం మనుషులు రాతి గొడ్డళ్ళను సానపట్టినప్పుడు పడిన పొడుగాటి గాడులు తెలంగాణలో చాలాచోట్ల ఉన్నాయి. అవి కల్వాలకంటే ఎన్నో వేల ఏళ్ళు పాతవి.

మందుకు కల్వమే ఎందుకు? తాతను అడిగితే మూడు మాటల్లో చెప్పాడు. ఒకటి, మంచి నల్లరాయి అరగదు, మందులో కలవదు. ఇసుకరాయి అయితే నూరిన కొద్దీ రేణువులు రాలతాయి. రెండు, పుల్లటి రసం పోసినా రాయి చెడదు. రాగిలో, ఇత్తడిలో చింతపండో నిమ్మరసమో పోసి నూరితే లోహం దిగుతుంది. మూడు, రాయి మీద నెమ్మదిగా నూరితే మందు వేడెక్కదు. మిక్సీ బ్లేడు తిరిగితే వేడి పుట్టి, ఆకులోని వాసన ఎగిరిపోతుంది. ఆ వాసనలోనే కొన్ని మూలికల గుణం ఉంటుంది. ఈ మూడూ సైన్సు చదివిన మీకు వెంటనే అర్థమయ్యే మాటలే. తాత బడికి పోలేదు. చేతితో నేర్చుకున్నాడు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. తిండి నూరే రాయిలో మందు నూరరు, మందు నూరే రాయిలో తిండి నూరరు. ముష్టి గింజ, ఉమ్మెత్త, గన్నేరు, గురివింద వంటి వాటిలో ప్రాణాలు తీసే విషం ఉంటుంది. రాతి సందుల్లో ఇరుక్కున్న కొంచెం పొడి కూడా ప్రమాదమే. ముష్టి గింజలోని విషానికి సైన్సు పెట్టిన పేరు స్ట్రిక్నైన్. మన పెద్దలకు ఆ పేరు తెలియదు, విషం మాత్రం తెలుసు. అందుకే కల్వాన్ని పిల్లలకు అందకుండా, వంటింటికి దూరంగా ఉంచేవాళ్ళు. దాన్ని మూఢనమ్మకం అని కొందరు నవ్వుతారు. మేం దాన్ని జాగ్రత్త అంటాం.

ఇప్పుడు చరిత్రలోకి పోదాం. మధ్యయుగంలో రాసిన సంస్కృత రసవైద్య గ్రంథం రసరత్న సముచ్చయం. అందులో మందు కల్వానికి ఎలాంటి రాయి కావాలో చెప్పారు: నల్లగా, నున్నగా, గట్టిగా, బరువుగా ఉండాలి. దాని కొలతలు కూడా అంగుళాల లెక్కన ఇచ్చారు. మా తాత కల్వం ఆ నాలుగు గుణాలకూ సరిపోయేది. ఆయన ఆ పుస్తకం పేరు కూడా వినలేదు. పుస్తకం రాసినవాళ్ళు, రాయి ఎంచినవాళ్ళు ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారా, ఎవరికి వారు కనుక్కున్నారా అన్న తగువు మనకు వద్దు. మంచి రాయి ఏదో అడవిలోనూ తెలుసు, ఆస్థానంలోనూ తెలుసు.

కాకతీయుల కాలం నుంచి ఒక గట్టి సాక్ష్యం ఉంది. గుంటూరు సీమలో మందడం దగ్గరి మల్కాపురం శాసనం, 1261 నాటిది. రుద్రమదేవి పాలన. విశ్వేశ్వర శివాచార్యుల గోళకీ మఠానికి ఇచ్చిన ఊళ్ళ ఆదాయంలో ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ కూడా భాగం కేటాయించినట్టు ఆ రాతి మీద చెక్కి ఉంది. అంటే 760 ఏళ్ళకు పైగా వెనకే ఈ నేల మీద కాన్పుల కోసం, వైద్యం కోసం విడిగా శాలలు నడిచాయి. ఇంకా వెనక్కు, 11వ శతాబ్దంలో, కాంచీపురం దగ్గర తిరుముక్కూడల్ శాసనం ఉంది. చోళరాజు వీరరాజేంద్రుడి కాలం నాటిది. అక్కడి గుడి ఆసుపత్రిలో 15 పడకలు. వైద్యుడికి, శస్త్రం చేసేవాడికి, రోగులను చూసుకునే ఆడవాళ్ళకు జీతం రాశారు. వాళ్ళతోపాటు మూలికలు తెచ్చి మందులు తయారుచేసేవాళ్ళకు కూడా జీతం రాశారు.

ఆ చివరి మాట దగ్గర ఆగండి. మూలికలు తెచ్చేవాళ్ళు. ఆసుపత్రి గుడిలో ఉండొచ్చు, మఠంలో ఉండొచ్చు. మూలిక మాత్రం అడవి నుంచే రావాలి. ఏ చెట్టు ఏ వాగు ఒడ్డున ఉంటుందో, ఏ కార్తెలో బెరడు తీయాలో, వేరు తవ్వితే ఎంత తవ్వి ఎంత వదలాలో తెలిసినవాళ్ళు లేకుండా ఏ ఆరోగ్యశాలా ఒక్క రోజు నడవదు. దానం ఇచ్చిన రాజు పేరు శాసనంలో ఉంది, మఠాధిపతి పేరు ఉంది. అడవిలో నడిచిన పాదాల పేర్లు లేవు. ఆ కల్వాల ముందు కూర్చుని నూరిన చేతుల పేర్లూ లేవు.

మనకు శాసనాలు లేవు, పాటలున్నాయి. మేడారంలో రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి సమ్మక్క సారలమ్మలను గద్దెల మీదికి తెచ్చేటప్పుడు మన వడ్డెలు నడిపించే చరిత్ర కూడా ఆ కాకతీయుల కాలానిదే. కప్పం కట్టమన్న రాజు మీద మన తల్లి తిరగబడ్డ కథ అది. సమ్మక్క చిన్ననాడే జబ్బుపడ్డవాళ్ళకు మందిచ్చి బాగుచేసేదని కూడా పెద్దలు చెబుతారు. ఒకే కాలంలో ఒక వైపు రాజులు రాతి మీద ఆరోగ్యశాల గురించి రాయించారు. ఇంకో వైపు మనవాళ్ళు మందిచ్చే తల్లిని పాటలో దాచుకున్నారు. రెండూ మన నేల చరిత్రే. కానీ చదివేవాళ్ళు మొదటిదాన్ని చరిత్ర అంటారు, రెండోదాన్ని కథ అంటారు. రేపు మన కల్వాలు కూడా పోతే, కథ చెప్పడానికి కూడా ఆనవాలు మిగలదు.

అట్లని ప్రతి పాత రాయినీ "కాకతీయుల కాలంది" అనకండి. ఇక్కడ యువత జాగ్రత్తగా ఉండాలి. మా దగ్గర కొన్నప్పుడు ఆ వ్యాపారికి అది "పాత రాయి". పట్నంలో అమ్మేటప్పుడు అదే "కాకతీయుల కాలం నాటి కల్వం" అయి ఉంటుంది. రాయి వయసు వేరు, కల్వం వయసు వేరు. తెలంగాణ గ్రానైట్లలో చాలావాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. దాన్ని మనిషి ఎప్పుడు తొలిచాడన్నది రాయిని పరీక్షించి చెప్పడం కష్టం. అది ఏ మట్టి పొరలో దొరికింది, పక్కన ఎలాంటి కుండ పెంకులున్నాయి, దాని మీద అక్షరాలున్నాయా, దగ్గర గుడో కోటో ఉందా, ఇవన్నీ కలిపి చూసి పురావస్తు శాస్త్రవేత్తలు అంచనా వేస్తారు. అందుకే రాయిని దాని చోటు నుంచి కదిలిస్తే దాని చరిత్రలో సగం అక్కడే పోతుంది. మిగతా సగం మనం కడిగి పోగొడతాం. నూరుడు రాళ్ళ సన్నటి రంధ్రాల్లో మొక్కల పిండి రేణువులు, మొక్కల్లోని సిలికా కణాలు శతాబ్దాల పాటు నిలిచి ఉంటాయి. వాటిని సూక్ష్మదర్శినిలో చూసి అందులో ఏం నూరారో చెప్పగలరు. మనం సబ్బు పెట్టి తోమినా, కొత్తగా కక్కు కొట్టించినా ఆ సాక్ష్యం పోతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి పురాతన వస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. అలాంటివాటి వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి. దేశం దాటించే హక్కు ప్రైవేటు మనిషికి లేదు. పొలం దున్నుతుంటే భూమిలో పది రూపాయల విలువ మించిన పాత వస్తువు దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం అంటుంది. ట్రాలీ ఆటో వచ్చినప్పుడు ఈ రెండు ముక్కలు గుర్తుండి, "మీ లైసెన్సు చూపించండి" అని అడిగి ఉంటే మా కల్వం ఈ రోజు చింతచెట్టు కిందనే ఉండేది.

రాయి ఒక ఎత్తు. అందులో నూరిన విద్య ఇంకో ఎత్తు. దాని విలువ బయటివాళ్ళకు ఎప్పుడో తెలుసు. అడ్డసరం ఆకు దగ్గుకు వాడడం మన అవ్వలకు తెలుసు. ఆ ఆకులోని వాసిసిన్ ఆధారంగానే ఈ రోజు మందుల షాపుల్లో దొరికే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. గాయానికి పసుపు పెట్టడం మీద అమెరికాలో 1995లో పేటెంట్ ఇచ్చారు. మన దేశ శాస్త్రీయ పరిశోధనా సంస్థ పాత పుస్తకాలు తీసుకెళ్ళి చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. అక్కడ గెలిపించింది రాత. మన విద్య నోటిమాటగానే ఉంది. ఎవరైనా పట్టుకుపోతే చూపించడానికి మన దగ్గర కాగితం లేదు.

అట్లని అన్నీ రాసి ఫేస్‌బుక్‌లో, యూట్యూబులో పెట్టేయడం కూడా సరికాదు. కేరళ కాణి ఆదివాసుల సంగతి వినండి. 1987లో అగస్త్యమలై అడవుల్లో శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణి యువకులు ఎంత నడిచినా అలిసిపోలేదు. ఏవో కాయలు తింటూ నడిచారు. అదేంటని అడిగి అడిగి చెప్పించుకున్నారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. దాంతో 'జీవని' అనే మందు తయారైంది. వచ్చిన లైసెన్సు సొమ్ములో, రాయల్టీలో సగం కాణీలకు ఇవ్వాలని ఒప్పందం జరిగింది. 1997లో వాళ్ళకోసం ఒక ట్రస్టు పెట్టారు. ఆదివాసీ విద్యకు వాటా ఇచ్చిన తొలి ఉదాహరణల్లో ఒకటిగా ప్రపంచమంతా దాన్ని చెప్పుకుంటుంది. కానీ మా విద్యను బయటికి చెప్పే అధికారం ఆ యువకులకు ఎవరిచ్చారని కాణి వైద్యుల్లోనే కొందరు అడిగారు. ఆ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. విద్య ఒక్కడిది కాదు, గూడెం అందరిది. దాన్ని చెప్పాలా వద్దా, ఎంత చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్నది గ్రామసభ తేల్చాలి.

ఆ అధికారం మనకు చట్టంలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం భూమి పట్టాల కోసమే అనుకుంటున్నాం. అడవిలోని జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉందని అదే చట్టం చెబుతుంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ పంచాయతీలో ఆ కమిటీ ఉందా? ఆ రిజిస్టరులో మన పేర్లు, మన భాషలో మొక్కల పేర్లు ఉన్నాయా? వెళ్ళి అడగండి. అడిగినప్పుడు "తెలియదు" అంటే, తెలిసేదాకా అడగండి.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. కల్వాన్ని గౌరవించడమంటే ఆసుపత్రిని వద్దనడం కాదు. మా తాత తన మందు అన్నిటికీ పనిచేస్తుందని ఏనాడూ అనలేదు. పాము కరిస్తే మంత్రం, పసరు అంటూ గంటలు పోగొట్టకుండా ముందు 108కి ఫోన్ చేయమనే చెబుతాడు. మన పిల్లల్లో కనిపించే సికిల్‌సెల్ జబ్బు రక్తంలోనే, పుట్టుకతోనే వస్తుంది. నూరిన మందుతో అది పోదు. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం కింద పరీక్షలు చేస్తున్నారు. పెళ్ళికి ముందే ఇద్దరూ చేయించుకోండి. తన హద్దు తెలిసినవాడే మంచి వైద్యుడు. ఆ హద్దు తెలియకుండా వాట్సాప్‌లో మన పేరు చెప్పి పొడులు అమ్మేవాళ్ళను నమ్మకండి. మీరు అట్లా అమ్మకండి.

ఇప్పుడు మా తప్పు మిగతా సగం చెబుతాం. కల్వం పోయిన ఏడాదికి మాలో ఇద్దరం పని మీద పట్నం పోయాం. రోడ్డు పక్క ఒక హోటల్ గేటు దగ్గర నల్లటి కల్వం ఒకటి, అందులో నీళ్ళు పోసి బంతిపూలు వేసి ఉంది. గుండె ఆగినంత పనైంది. మాదే అనిపించింది. లోపలికి పోయి అడిగాం. "మీదని ఏం రుజువు?" అన్నారు. మా దగ్గర ఒక్క ఫొటో లేదు. పొడవెంతో తెలియదు, అంచు మీద పగులు ఏ పక్క ఉండేదో ఇద్దరం రెండు రకాలుగా చెప్పాం. పండక్కి, పుట్టినరోజుకు వందల సెల్ఫీలు దిగినవాళ్ళం, మా తాత ముందు నలభై ఏళ్ళు ఉన్న రాయిని ఒక్కసారి కూడా ఫొటో తీయలేదు. తలదించుకుని వచ్చేశాం. అది మాదో కాదో ఈ రోజుకీ చెప్పలేం.

అందుకే ఈ సభ నుంచి మిమ్మల్ని అడిగేది పెద్ద పనేం కాదు. డబ్బులు అక్కర్లేదు, ఫోన్, టేపు, నోటుబుక్కు ఉంటే చాలు.

మీ గూడెంలో ఉన్న ప్రతి కల్వాన్నీ, పాత రోలునూ ఉన్నచోటనే ఫొటో తీయండి. నాలుగు పక్కల నుంచి, పైనుంచి, పక్కన స్కేలు పెట్టి తీయండి. పొడవు, వెడల్పు, లోతు రాయండి. పగులు, గీత, అక్షరం ఏదున్నా రాయండి.

దాన్ని కదపకండి, తోమకండి, రంగు వేయకండి. పొత్రాన్నీ కల్వాన్నీ విడదీయకండి.

అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో పెద్దలను అడిగి రాయండి. మన భాషలో దాని పేరు, నూరే పద్ధతి పేరు, ఆ సమయంలో పాడే పాట ఉంటే దాని సంగతి రాయండి. మందు యోగాన్ని మాత్రం తాత చెప్పమంటేనే, గ్రామసభ ఒప్పుకుంటేనే రాయండి. లేదంటే "తాతకు తెలుసు" అని రాసి వదిలేయండి. ఆ రెండు మాటలు కూడా సాక్ష్యమే.

ఎవరూ వాడని రాయి ఉంటే అమ్మకండి. మేడారంలో, భద్రాచలంలో, హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో గిరిజన మ్యూజియంలు ఉన్నాయి. గ్రామసభ తీర్మానం రాసి, ఊరి పేరుతో, ఇచ్చినవాళ్ళ పేరుతో అక్కడికి ఇవ్వొచ్చు. అంతకంటే మంచి మాట ఇంకోటి ఉంది. మీ గూడెంలోనే ఉంచండి, రోజుకొకసారి ఎవరో ఒకరు దాని ముందు కూర్చోండి. నూరడం పుస్తకంలో రాదు. మణికట్టు ఎట్లా తిప్పాలో, నీళ్ళు చుక్క చుక్కగా ఎప్పుడు పోయాలో, మెదిగిందని వేళ్ళ మధ్య ఎట్లా తెలుస్తుందో తాత పక్కన కూర్చుంటేనే వస్తుంది. రాయి పోతే కొన్ని నెలల్లో చేయి మరిచిపోతుంది. మా గూడెంలో అది చూశాం.

పోయిన నెలలో మేం తాత ఇంటికి పోయి మిగిలిన పొత్రాన్ని కొలిచాం, ఫొటో తీశాం. మా నోటుబుక్కులో మొదటి పేజీ అదే. కల్వం దగ్గర ఖాళీ వదిలాం. మన దగ్గరి వాగు ఒడ్డున నల్లరాయి ఉందని, పని తెలిసిన చేయి ఉంటే కొత్త కల్వం తొలవొచ్చని తాతే అన్నాడు. దానికి తగిన రాయిని ఎంచడానికి మాలో నలుగురం ఆయన వెంట పోతున్నాం. పాతది రాదు. కానీ పొత్రానికి జోడు దొరికితే చేయి ఆగిపోదు.

వచ్చే ఆగస్టు 9కి ఒక్కో గూడెం నుంచి ఒక్కో నోటుబుక్కు ఈ సభకు రావాలని మా కోరిక. డోలు కొట్టే ముందు వాటిని ఇక్కడ పరుద్దాం. శాసనాల్లో లేని మన పేర్లను మన చేతులతో రాసుకుందాం.

జై ఆదివాసీ.